1248 సీసీ: నాలుగు పేర్ల డీజిల్ ఇంజిన్, దాని గుణదోషాలు

స్విఫ్ట్ బానెట్ ఎత్తితే డీడీఐఎస్. ఇండికా విస్టా ఎత్తితే క్వాడ్రాజెట్. పుంటో, లీనియాలకు మల్టీజెట్. షెవర్లే సెయిల్‌కు స్మార్టెక్. ఒకదానితో ఒకటి పోటీపడే నాలుగు కంపెనీలు నాలుగు పేర్లు పెట్టుకున్నాయి గానీ లోపలున్నది ఒకటే ఇంజిన్. నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు, 1248 సీసీ. డిజైన్ ఇటలీది. 2007 నుంచి 2020 దాకా మన దగ్గర చిన్న డీజిల్ కారు కొన్నవాళ్ళలో చాలామంది తెలిసో తెలియకో దీన్నే కొన్నారు. మోటారు పత్రికలు దీనికి జాతీయ డీజిల్ ఇంజిన్ అని పేరు పెట్టింది ఊరికే కాదు. తిరుపతి రైల్వేస్టేషన్ బయట వరసగా నిలబడ్డ డిజైర్ ట్యాక్సీలు, శంషాబాద్ విమానాశ్రయం దారిలో రాత్రీపగలూ తిరిగిన క్యాబ్‌లు, ఊళ్ళో డాక్టరుగారి రిట్జ్, కాంట్రాక్టరు ఎర్టిగా, అన్నీ ఈ ఒక్క కుదురులోవే.

ఇప్పుడు వాటిలో ఆఖరి బండికి కూడా అయిదేళ్ళు దాటాయి. మొదటి స్విఫ్టులైతే పదిహేనేళ్ళ రిజిస్ట్రేషన్ గడువు ముగించుకుని, ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గి రెండో ఆయుష్షు పోసుకున్నాయి. సెకండ్‌హ్యాండు మార్కెట్లో ఇవి చేతులు మారుతున్న కొద్దీ వీటి మీద మాటలూ పెరుగుతున్నాయి. చైన్ తెగుతుందని ఒకరు, టర్బో పోతుందని ఒకరు, క్లచ్ తినేస్తుందని ఇంకొకరు. మరోపక్క నాలుగు లక్షల కిలోమీటర్లు తిప్పాను, ఇంజిన్ విప్పలేదని చెప్పే ట్యాక్సీ డ్రైవర్లూ కనిపిస్తారు. ఇద్దరి మాటా నిజమే. ఒకే ఇంజిన్ ఒకరి చేతిలో అలా, మరొకరి చేతిలో ఇలా ఎందుకైందో తేల్చుకోకుండా దీని మీద తీర్పు చెప్పకూడదు.

కథ కొంచెం వెనక నుంచి మొదలుపెట్టాలి. 1998 చివర్లో వచ్చిన టాటా ఇండికాలో 1405 సీసీ డీజిల్ ఇంజిన్ ఉండేది. టర్బో లేదు. డీజిల్‌ను నేరుగా సిలిండర్లోకి కాకుండా పక్కనున్న చిన్న గదిలోకి కొట్టి, అక్కడ అంటుకున్న మంటను సిలిండర్లోకి పంపే పాత పద్ధతి. ఆ రోజుల్లోనే మారుతీ తన జెన్, ఎస్టీమ్‌లలో పెట్టిన పూజో కంపెనీ 1.5 లీటర్ డీజిల్ కూడా ఆ తరానిదే. మొండి ఇంజిన్లు. కిర్రుమని మోత, వెనకాల పొగ, ఎత్తెక్కాలంటే ఏసీ ఆపుకోవాల్సిన నీరసం. కానీ చెట్టుకింద షెడ్డులో కూడా రిపేరయ్యేవి.

కామన్ రైల్ పద్ధతి ఈ లెక్కంతా మార్చేసింది. ఫియట్ పరిశోధన కేంద్రంలోను, దక్షిణ ఇటలీలోని ఎలాసిస్‌లోను మారియో రిక్కో అనే ఇంజినీరు నాయకత్వంలో ఇది రూపుదిద్దుకుంది. ఉత్పత్తి దశకు తెచ్చే స్తోమత చాలక ఫియట్ దాని హక్కులను 1990ల నడిమధ్యలో బాష్‌కు అమ్మేసింది. 1997లో ఆల్ఫా రోమియో 156 కారుతో అది రోడ్డెక్కింది. అందులో కిటుకు ఇది: పంపు పనల్లా ఒక లావాటి గొట్టంలో డీజిల్‌ను వెయ్యి బార్‌కు పైబడిన ఒత్తిడితో నింపి ఉంచడం. ఎప్పుడు, ఎంతసేపు, ఎన్నిసార్లు సిలిండర్లోకి వదలాలన్నది కంప్యూటర్ చూసుకుంటుంది. పాత ఇంజిన్లో పంపు తిరిగే వేగాన్ని బట్టే ఒత్తిడి ఉండేది. ఇక్కడ ఆ రెంటికీ ముడి తెగిపోయింది.

మల్టీజెట్ దీని రెండో తరం. ఒక్క విస్ఫోటానికి ఒకటి రెండు చిమ్ములతో సరిపెట్టకుండా, ఆ డీజిల్‌ను అయిదు దాకా చిన్న చిమ్ములుగా విడగొట్టారు. రెండు చిమ్ముల మధ్య ఎడం సెకనులో పదివేల వంతులకు ఒకటిన్నర వరకు తగ్గించగలిగారు. పొయ్యి మీద ఒక్కసారిగా కిరసనాయిలు గుమ్మరిస్తే భగ్గుమంటుంది, కొంచెం కొంచెంగా పోస్తే నిదానంగా మండుతుంది. ముందుగా పడే చిన్న చిమ్ము గదిని వెచ్చబరుస్తుంది, తరవాత వచ్చే అసలు చిమ్ము మెత్తగా మండుతుంది. పాత డీజిల్ కారులో వినిపించే టకటక తగ్గిందంటే కారణం ఇదే.

ఫియట్, జనరల్ మోటార్స్ పొత్తులో ఉన్న కాలంలో, పోలండ్‌లోని బీల్‌స్కో-బియావా ఫ్యాక్టరీలో 2003లో ఈ 1.3 లీటర్ ఇంజిన్ తయారీ మొదలైంది. 2005లో లీటరు నుంచి 1.4 లీటర్ల తరగతిలో అంతర్జాతీయ ఉత్తమ ఇంజిన్ బహుమతి దీనికే వచ్చింది. అదే ఏడు ఆ రెండు కంపెనీల పొత్తు విడిపోయింది, ఇంజిన్ మాత్రం ఇద్దరి దగ్గరా మిగిలింది. సుజుకీ లైసెన్సు తీసుకుని మానేసర్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. 2007 జనవరిలో స్విఫ్ట్ డీజిల్ వచ్చింది. ఫియట్, టాటాలు కలిసి పుణె దగ్గర రంజన్‌గావ్‌లో చేశాయి. 2012 మే నెలాఖరుకు ఢిల్లీలో పెట్రోలు లీటరు 73 రూపాయలు దాటితే డీజిల్ 41 లోపే ఉంది. జనం డీజిల్ కార్ల కోసం నెలలకొద్దీ క్యూ కట్టారు. మానేసర్‌లో చేసేవి చాలక ఆ ఏడాది మారుతీ తన పోటీదారైన ఫియట్ దగ్గరే ఏటా లక్ష దాకా ఇంజిన్లు కొనడానికి ఒప్పందం రాసుకుంది. ఒక ఇంజిన్‌కు ఇంతకంటే పెద్ద కితాబు ఏముంటుంది?

ఇక కొలతలు. బోరు 69.6 మిల్లీమీటర్లు, స్ట్రోకు 82. అంటే సన్నగా పొడుగ్గా ఉండే సిలిండరు. పిస్టన్ కదిలే దూరం ఎక్కువ కాబట్టి, టర్బో అందుకున్నాక మధ్య వేగంలోనే బలం ఇచ్చే స్వభావం. కంప్రెషన్ 17.6కి 1, తరవాతి రకాల్లో ఇంకాస్త తగ్గింది. బరువు 130 కిలోల చుట్టూ, డీజిల్‌కు ఇది తేలికే. స్విఫ్ట్ లాంటి చిన్న బండి ముక్కులో పట్టిందంటే అందుకే. తలమీద రెండు క్యామ్ షాఫ్టులు, వాల్వులను వాటంతటవే సరిచేసుకునే హైడ్రాలిక్ టాపెట్లు. టైమింగుకు బెల్టు బదులు చైన్.

మన దగ్గర ప్రధానంగా రెండు రకాలుగా దొరికింది. ఒకటి 75 పీఎస్, 190 న్యూటన్ మీటర్ల టార్క్, మామూలు టర్బో. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, విస్టాలలో ఉన్నది ఇది. రెండోది 90 పీఎస్, 200 న్యూటన్ మీటర్లు, లోపలి రెక్కలు కదిలే వేరియబుల్ టర్బో. ఎస్ఎక్స్4, ఎర్టిగా, సియాజ్, బ్రెజా, మాంజా, లీనియాలకు పెట్టారు. ఒకే బ్లాకు నుంచి పదిహేను గుర్రాలు అదనంగా వచ్చాయంటే అది ప్రధానంగా టర్బో పుణ్యం. షెవర్లే బీట్ డీజిల్‌లో వచ్చిన 936 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్ కూడా దీనికి తమ్ముడే, ఒక సిలిండరు తీసేసి చేసింది.

మైలేజీ గురించి రెండు ముక్కలు చాలు. 2017 డిజైర్‌కు ప్రభుత్వ పరీక్షలో లీటరుకు 28.40 కిలోమీటర్లు వచ్చింది. రోడ్డు మీద అంత రాదు, అది అందరికీ తెలిసిందే. అయినా విజయవాడ నుంచి హైదరాబాదుకు ఎనభై, తొంభై మధ్య నిలకడగా పోతే ఇరవై దాటి ఇచ్చే బండ్లు ఇప్పటికీ ఉన్నాయి.

కొలతల పట్టికలో ఎవరూ పట్టించుకోని అంకె ఒకటుంది, ఈ ఇంజిన్ జాతకమంతా దాంట్లోనే ఉందని నా అభిప్రాయం. దీని ఆయిల్ చాంబర్లో పట్టేది సుమారు మూడు లీటర్లు. అంతే. ఆ మూడు లీటర్ల మీద ఆధారపడ్డవాళ్ళు ఎంతమందో చూడండి. క్రాంక్ బేరింగులు, పిస్టన్లు ఎలాగూ ఉన్నాయి. నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరిగే టర్బో షాఫ్టు తేలేది ఆ ఆయిల్ మీదే. హైడ్రాలిక్ టాపెట్లు గట్టిగా నిలబడేది దాని ఒత్తిడితోనే. టైమింగ్ చైన్‌ను బిగుతుగా పట్టుకునే టెన్షనర్ కూడా ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. పెద్ద ఇంజిన్లో అర లీటరు తగ్గితే తేడా తెలియదు. ఇక్కడ అర లీటరంటే ఆరో వంతు. మిగిలిన ఆయిల్ తొందరగా వేడెక్కుతుంది, తొందరగా మసిబారుతుంది, తొందరగా పలచబడుతుంది.

మసి మాట మరీ ముఖ్యం. డీజిల్ ఇంజిన్లో ఆయిల్ పోసిన వారానికే నల్లబడుతుంది, అది తప్పు కాదు. కానీ ఆ మసి రేణువులు గరుకు. చైన్‌లో ప్రతి లింకుకూ ఒక పిన్ను, ఒక బుష్ ఉంటాయి. మసి నిండిన ఆయిల్ ఆ సందుల్లో ఆకురాయిలా పనిచేస్తుంది. ఒక్కో పిన్ను వెంట్రుకలో భాగమంత అరిగినా, అన్ని లింకులూ కలిసి చైన్ కొన్ని మిల్లీమీటర్లు పొడుగవుతుంది. చైన్ సాగిందని అందరూ అంటారు గానీ ఉక్కు సాగదు, అరుగుతుంది. తయారు చేసినవాళ్ళు రెండున్నర లక్షల కిలోమీటర్ల దాకా దీన్ని ముట్టుకోనక్కర్లేదన్నారు. ఐరోపాలో ఆ ధైర్యంతోనే ముప్పై వేల కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్చమని రాశారు. అక్కడ చైన్ ఫిర్యాదులు ఎక్కువగా రావడానికి ఈ దూరం ఒక పెద్ద కారణమని నేను నమ్ముతాను. పైగా అక్కడి బండ్లకు సైలెన్సర్లో మసి వడపోత ఉంటుంది. దాన్ని కాల్చి శుభ్రం చేయడానికి అదనంగా కొట్టిన డీజిల్ సిలిండరు గోడల మీదుగా ఆయిల్లోకి దిగుతుంది. ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది, పలచబడుతుంది. మన దగ్గర బీఎస్-4 కాలుష్య ప్రమాణాల దాకా వచ్చిన వాటికి ఆ బెడద లేదు. మారుతీ పదివేల కిలోమీటర్లకు మార్చమంది. ఆ మాట విన్నవాళ్ళ చైన్లు బతికాయి.

వినని వాళ్ళలో నేనూ ఒకణ్ణి. మా ఇంటి కారులో ఉన్నదీ ఈ ఇంజినే. లక్షా ఇరవై వేలు దాటాక చలికాలం పొద్దున స్టార్ట్ చేయగానే కుడిపక్క నుంచి గలగలమని మోత వచ్చేది, రేకు డబ్బాలో గోళీలు పోసి ఊపినట్టు. మూడు సెకన్లు, తరవాత మామూలే. చూపించిన మొదటి షెడ్డులో డీజిల్ బండి అన్నాక మోత ఉంటుంది సార్, ఏమీ కాదన్నారు. నాకు కావలసిన మాట అదే కాబట్టి నమ్మేశాను. నాలుగు నెలల తరవాత విజయవాడ ఆటోనగర్లో ఒక పెద్దాయన బానెట్ ఎత్తి, ఏ పార్టూ ముట్టుకోకుండా ముందు ఆయిల్ గేజి లాగాడు. తుడిచి మళ్ళీ దింపి నా కళ్ళముందు పెట్టాడు. కింది గీతకు కూడా తడి తగల్లేదు.

“ఎప్పుడు మార్చారు బాబూ?”

“పద్దెనిమిది వేలు అయుంటుందండీ.”

“మధ్యలో ఎప్పుడన్నా గేజి తీసి చూశారా?”

చూడలేదు. ఆయన ఇంకేమీ అనలేదు. ఆయిల్ దింపి కొలిస్తే రెండు లీటర్లు కూడా లేదు. చైన్ విప్పాక పాతదీ కొత్తదీ పక్కపక్కన మేకుకు వేలాడదీసి చూపించాడు. పాతది చిటికెన వేలి గోరంత కిందికి దిగింది. ఆ గోరంత తేడాకు నేను కట్టిన బిల్లుతో పదేళ్ళపాటు ఆయిల్ మార్పించుకోవచ్చు.

ఆ మోత వెనకున్న కథ ఇది. ఇంజిన్ రాత్రంతా ఆగి ఉన్నప్పుడు టెన్షనర్లో ఆయిల్ కిందికి దిగిపోతుంది. స్టార్ట్ చేశాక ఒత్తిడి అందేదాకా చైన్ వదులుగా ఉండి గైడ్లకు కొట్టుకుంటుంది. చైన్ బాగుంటే ఆ ఎడం చిన్నది, వినిపించదు. అరిగిన చైన్‌కు ఎడం పెరుగుతుంది. అలాగే వదిలేస్తే గైడ్లు అరుగుతాయి, క్యామ్‌కూ క్రాంక్‌కూ మధ్య లెక్క తప్పుతుంది. స్కానర్ పెడితే రెండు సెన్సర్ల మధ్య పొంతన లేదని కోడ్ చూపిస్తుంది. చాలామంది అక్కడ సెన్సర్ మారుస్తారు. లైటు నాలుగు రోజులు ఆరి మళ్ళీ వెలుగుతుంది. ఆఖరికి చైన్ పన్ను దాటితే పిస్టన్లు వాల్వులను కొడతాయి. ఈ ఇంజిన్‌లో చాలాసార్లు ముందు వాల్వులను నొక్కే రాకర్లు విరిగిపోతాయి, అదృష్టం బాగుంటే వాల్వులు దక్కుతాయి. దాన్ని నమ్ముకుని బండి తిప్పడం మాత్రం తగదు.

చైన్ మార్చేవాళ్ళకు ఒక్క ముక్క. ఇది గుర్తులు కలిపి బిగించే పాత తరహా పని కాదు. క్రాంకునూ క్యామ్‌లనూ లాకింగ్ పిన్నులతో బంధించి, అలా ఉంచే బిగించాలి. ఆ పనిముట్లు లేవన్న షెడ్డుకు ఈ పని ఇవ్వకండి. చైన్ ఒక్కటే మార్చి టెన్షనర్‌నూ గైడ్లనూ పాతవే ఉంచుతామంటే అదీ ఒప్పుకోవద్దు.

చైన్ తరవాత ఎక్కువ మాటలు పడేది టర్బో. ఇక్కడ నిందలో సగం నిజంగా డిజైన్‌కే చెందుతుంది, దాచనక్కర్లేదు. 75 పీఎస్ రకంలో 1,800 ఆర్‌పీఎం లోపు ఇంజిన్ నీరసంగా ఉంటుంది. 1248 సీసీ, టర్బో గాలి అందేదాకా దాని సొంత బలమే దాని బలం. రెండు వేలు దాటగానే వీపు మీద చెయ్యి వేసి తోసినట్టు లేస్తుంది. హైవే మీద ఆ ఊపు ఎంతో బాగుంటుంది. అమీర్‌పేట చౌరస్తాలో, పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద అదే శిక్ష. బండి ఆగకుండా కదలాలంటే డ్రైవరు కాలు క్లచ్ మీదే, హాఫ్ క్లచ్‌లోనే నడుస్తుంది. ఆ రాపిడికి క్లచ్ ప్లేటు వేడెక్కి మాడుతుంది. అందుకే ఒకే మోడల్ బండికి ఒంగోలులో లక్ష కిలోమీటర్లు వచ్చిన క్లచ్, హైదరాబాదులో అందులో సగానికే పోతుంది. క్లచ్ తినేస్తుందన్న మాటకు అర్థం ఇది. ప్లేటు నాణ్యత కంటే ఆ 1,800 కింద ఉన్న గొయ్యే దీనికి ఎక్కువ కారణం.

తిరుమల ఘాటులో పైకి వెళ్ళే ట్యాక్సీలను గమనించండి. అనుభవం ఉన్న డ్రైవరు వంపు రాకముందే రెండో గేరులోకి దిగి, ఇంజిన్‌ను రెండు వేలకు పైన ఉంచుతాడు. కొత్తవాడు మూడో గేరులో మూలుగుతూ లాగి, వంపులో క్లచ్ తొక్కి కాపాడుకుంటాడు. పైకి చేరాక కాలిన క్లచ్ వాసన ఎవరి బండిలోంచి వస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

90 పీఎస్ రకం ఈ గొయ్యిని కొంత పూడ్చింది. టర్బో లోపలి రెక్కలు తక్కువ వేగంలో దగ్గరికి ముడుచుకుని పొగ దారిని ఇరుకు చేస్తాయి, గొట్టం చివర వేలు అడ్డం పెడితే నీళ్ళు దూరం చిమ్మినట్టు. చక్రం తొందరగా అందుకుంటుంది. బలం ఎక్కువైనప్పుడు రెక్కలు విచ్చుకుంటాయి. కానీ కదిలే భాగం ఉన్నచోట బిగుసుకుపోయే అవకాశమూ ఉంటుంది. ఎప్పుడూ ఊళ్ళోనే, నలభై దాటకుండా తిరిగే బండ్లలో ఆ రెక్కల మధ్య కర్బనం పేరుకుంటుంది. ఒకరోజు హైవే ఎక్కి గట్టిగా తొక్కగానే ఇంజిన్ లైటు వెలిగి బండి మొండికేస్తుంది, మూడు వేలు దాటనంటుంది. ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే మామూలుగా ఉంటుంది. ఇది టర్బో పోవడం కాదు, రెక్కలు పట్టేయడం. చాలాసార్లు శుభ్రం చేస్తే తిరిగొస్తుంది. మొత్తం టర్బో మార్చమన్న ఎస్టిమేటు చేతికిస్తే, అవతల ఇంకొక చోట చూపించేదాకా ఒప్పుకోవద్దని నా సలహా.

దానికంటే ముందు హోస్ పైపులు చూడాలి. టర్బో నుంచి ఇంజిన్ వరకు గాలి వెళ్ళే రబ్బరు గొట్టాలు పదేళ్ళ వేడికి పెళుసెక్కి చీలతాయి. లక్షణాలన్నీ టర్బో పోయినట్టే ఉంటాయి: పికప్ పడిపోతుంది, నల్లపొగ వస్తుంది, తొక్కినప్పుడు బుస్సుమని ఒక శబ్దం. ఆ బుస్సును విని గొట్టం మార్చిన మెకానిక్ దగ్గర కొన్ని వందలతో పోతుంది. వినకుండా టర్బో మార్చిన చోట వేలకు వేలవుతుంది, గొట్టం అలాగే ఉంటే పికప్ అప్పుడూ రాదు.

టర్బో నిజంగా పోయేది ఎక్కువగా ఆయిల్ లోపం వల్లే. గంటసేపు నూరు మీద తోలి, హోటల్ ముందు ఆపీఆపగానే తాళం తీసేస్తే, ఇంకా తిరుగుతున్న ఆ షాఫ్టుకు ఆయిల్ ఆగిపోతుంది, ఉన్న ఆయిల్ వేడికి మాడి గట్టిపడుతుంది. ఒక్క నిమిషం ఐడిల్‌లో ఉంచితే సరిపోయేది. సీళ్ళు పోయాక ఆయిల్ గాలి గొట్టంలోకి చేరి నీలంపొగ వస్తుంది. మరీ ముదిరితే ఇంజిన్ తన ఆయిల్‌నే ఇంధనంగా తాగుతూ తాళం తీసినా ఆగకుండా అరుస్తుంది. అరుదే గానీ అలా జరిగితే పై గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ వదిలి ఇంజిన్‌ను బలవంతంగా ఆపడం ఒక్కటే దారి. దగ్గరికి పోయి బానెట్ ఎత్తొద్దు.

నల్లపొగకు ఇంకో కారణం ఈజీఆర్ వాల్వు. ఇంజిన్ వదిలిన పొగలో కొంత తిరిగి లోపలికి పంపి మంట వేడిని తగ్గించడం దాని పని, నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి. ఆ పొగలోని మసి, క్రాంక్ చాంబరు నుంచి వచ్చే ఆయిల్ ఆవిరీ కలిసి తారులా గడ్డకట్టి వాల్వును తెరుచుకున్నచోటే పట్టేస్తాయి. ఇంజిన్‌కు ఊపిరాడదు. విప్పి కడిగితే తేడా వెంటనే తెలుస్తుంది. దాన్ని రేకు పెట్టి మూసేయడం షెడ్లలో మామూలు చిట్కా. నేను దాన్ని సమర్థించను. ఆ పొగ పీల్చేది వెనకాల స్కూటీ మీద వచ్చేవాళ్ళు.

ఇంజెక్టర్ల దగ్గరికొస్తే తప్పు ఎక్కువగా డీజిల్‌ది. లోపలి భాగాల మధ్య సందు మైక్రాన్లలో ఉంటుంది. ఒక చుక్క నీరు, కొంచెం తుప్పు, కల్తీ కిరసనాయిలు, ఏదైనా చాలు. డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్ళు వదిలే ఏర్పాటు ఉంది, వర్షాకాలంలో అది ఎంతమంది వాడతారో అనుమానమే. అరిగిన ఇంజెక్టర్ ఏదో తేల్చడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. నాలుగింటి రిటర్న్ గొట్టాలూ నాలుగు చిన్న సీసాల్లో పెట్టి రెండు నిమిషాలు ఇంజిన్ నడిపితే, ఎక్కువ నిండిన సీసా వైపుదే దొంగ. ఈ పరీక్ష చేయకుండా నాలుగూ మార్చమంటే కారణం అడగాలి. ఇంజెక్టర్ కింద రాగి వాషర్ పోతే చుక్ చుక్ మని ఆవిరి రైలు శబ్దం, చుట్టూ బొగ్గులాంటి పెళ్ళ. వాషర్ ధర కొన్ని రూపాయలు. నిర్లక్ష్యం చేస్తే ఇంజెక్టర్ హెడ్‌లోనే అతుక్కుపోతుంది, అప్పుడు అది బయటికి రావడమే ఒక యుద్ధం.

చల్లటి ఇంజిన్ అంటుకోవడానికి వెచ్చబరిచే గ్లో ప్లగ్గుల గురించి మనకు పెద్దగా బెంగ లేదు. కోస్తాలో నాలుగింటిలో మూడు పోయినా బండి స్టార్టవుతుంది. లంబసింగిలోనో ఆదిలాబాద్‌లోనో డిసెంబరు తెల్లవారుజామున గానీ సంగతి బయటపడదు. థర్మోస్టాట్, వాటర్ పంపు వయసు మీద పోయేవే. రేడియేటర్లో కూలెంట్ బదులు బోరు నీళ్ళు పోసే అలవాటు మాత్రం ఈ ఇంజిన్ భరించలేదు. హెడ్ అల్యూమినియంది, ఒక్కసారి గట్టిగా వేడెక్కితే వంగుతుంది, గాస్కెట్ పోతుంది.

ఇంజిన్ కంప్యూటర్ లెక్కలు మార్పించి, అంటే రీమ్యాప్ చేయించి, 75 పీఎస్‌ను వంద దాకా తీసుకుపోయేవాళ్ళున్నారు. బ్లాకు ఓర్చుకుంటుంది, అంత గట్టిది. క్లచ్ ఓర్చుకోదు. ముందే మూడు లీటర్ల ఆయిల్ మీద బతుకుతున్న ఇంజిన్‌కు అదనపు వేడి తగిలించడం దేనికని నాకనిపిస్తుంది.

ఇంత చేసిన ఇంజిన్‌ను చివరికి ఆపింది ఈ జబ్బులేవీ కావు. బీఎస్-4లో డీజిల్ కారు కిలోమీటరుకు 0.25 గ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు వదలొచ్చు. 2020 ఏప్రిల్ 1న వచ్చిన బీఎస్-6 దాన్ని 0.08కి, రేణువులను 0.025 నుంచి 0.0045కి దించింది. ఆ మెట్టు ఎక్కాలంటే మసి వడపోత, పొగను శుద్ధి చేసే ఇంకో యంత్రాంగం పెట్టాలి. ఆ ఖర్చు ఆరేడు లక్షల కారు మోయలేదు. ఆ లోపు డీజిల్ ధర మీద నియంత్రణ 2014 అక్టోబరులోనే ఎత్తేశారు, పెట్రోలుతో తేడా కరిగిపోయింది. మారుతీ 2019 ఏప్రిల్‌లోనే డీజిల్‌కు స్వస్తి చెబుతున్నట్టు ప్రకటించింది. నా దృష్టిలో ఆ నిర్ణయం సరైనదే. ఊపిరితిత్తులతో కట్టే లెక్క మైలేజీ లెక్కలో కనిపించదు.

ఉన్న బండ్లు మాత్రం ఇంకా చాలాకాలం తిరుగుతాయి. విడిభాగాలు ఇప్పటికీ చిన్న ఊళ్ళలో కూడా దొరుకుతున్నాయి, లక్షల సంఖ్యలో తిరిగిన ఇంజిన్‌కు అది పెద్ద వరం. కొనాలనుకునేవాళ్ళు కిలోమీటర్ల మీటరును అట్టే నమ్మనక్కర్లేదు. సర్వీసు బిల్లులు అడగండి, ఒక ఆయిల్ మార్పుకూ ఇంకొకదానికీ మధ్య తిరిగిన దూరం లెక్కగట్టండి. లక్షన్నర తిరిగి ఆ దూరం ఎప్పుడూ పదివేలు దాటని బండి, డెబ్భై వేలే తిరిగి బిల్లులు లేని బండి కంటే మేలు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ పోసే మూత తీసి చూడండి. సన్నగా ఆవిరి వస్తే ఫరవాలేదు, పొగ బుసబుసమంటే ఇంజిన్ బోరుకొచ్చినట్టే. మూడో గేరులో 1,500 దగ్గర నుంచి నిండా తొక్కండి. వెనకాల నల్లపొగ ఎంత, ఊపు ఎక్కడ మొదలైంది, మధ్యలో తడబడిందా చూడండి.

కానీ వీటన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటుంది. అమ్మేవాళ్ళకు రేపు ఉదయం వస్తానని చెప్పి, ముందుగా స్టార్ట్ చేసి పెట్టొద్దని అడగండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి. గేజి తీసి ఆయిల్ చూడండి. ఇంకొకరిని తాళం తిప్పమని చెప్పి, మీరు ఇంజిన్ కుడిపక్కన నిలబడి మొదటి మూడు సెకన్లు వినండి.